ఏడో వరుసలోంచి రంగప్రవేశం ఫొటోలు

మా అక్కకి ఇద్దరు ఆడపిల్లలు. పెద్దపాప కూచిపూడి రంగప్రవేశానికి, అంటే స్టేజీ మీద తొలిసారి ఒంటరిగా చేసే పూర్తి కార్యక్రమానికి, నేను పన్నెండో వరుసలో కూర్చుని ఫోనుతో నాలుగు వందల ఫొటోలు తీశాను. ఇంటికొచ్చి చూసుకుంటే ఒక్కదాంట్లోనూ పిల్ల కళ్ళు కనిపించలేదు. ముఖం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది, చేతులు పొగలా ఉన్నాయి, వెనక తెర మాత్రం మడతలతో సహా బాగా వచ్చింది. బావగారు పెట్టిన ఫొటోగ్రాఫర్లు జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, అతిథుల ప్రసంగాలు అన్నీ తీశారు. పాప తరంగం (ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి చేసే కూచిపూడి అంశం) చేసే సమయానికి మాత్రం వాళ్ళు హాల్లో లేరు. ఎనిమిదేళ్ళు నేర్చుకున్న నాట్యం రెండు గంటల్లో అయిపోయింది. అక్క నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఆల్బం తిప్పేటప్పుడు తరంగం ఉండాల్సిన పేజీ దగ్గర కాసేపు ఆగేది. అది నాకు ఇప్పటికీ గుర్తుంది.

చిన్నపాప రంగప్రవేశం మొన్న మాఘమాసంలో విజయవాడలో జరిగింది. దానికి నేను మూడు నెలల ముందు నుంచి సిద్ధమయ్యాను. నేను గుంటూరులో హైస్కూలు పిల్లలకి లెక్కలు చెబుతాను, ఫొటోగ్రఫీ నా వృత్తి కాదు. అందుకే నాలాగే ఇంట్లో పిల్లల కోసం కెమెరా పట్టుకునేవాళ్ళకి అర్థమయ్యేలా, నేను ఏం చేశానో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. మీ ఇంట్లో సంగీత కచేరీ అయినా, కాలేజీ స్నాతకోత్సవం అయినా, దూరంగా చీకట్లో కూర్చుని తీయాలంటే చాలావరకు ఇదే పద్ధతి.

ముందు, ఆగే చోటు తెలుసుకోండి

కెమెరా సంగతి తర్వాత చెబుతాను. నాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది రిహార్సల్స్‌కి వెళ్ళడం. మొదటి ఆదివారం కెమెరా తీసుకెళ్ళలేదు. గోడకి ఆనుకుని కూర్చుని, ఒక నోటుబుక్కు పెట్టుకుని విన్నాను.

బయటినుంచి చూసేవాళ్ళకి నాట్యంలో పిల్ల ఎప్పుడూ కదులుతూనే ఉన్నట్టు అనిపిస్తుంది. కానీ ప్రతి జతికీ (తాళానికి చెప్పే సొల్లుల వరసకి) చివర ఒక ముక్తాయింపు ఉంటుంది. గురువుగారు నట్టువాంగం (నాట్యాన్ని నడిపించే చేతితాళాలు) వాయిస్తూ "తదిగిణతోం, తదిగిణతోం, తదిగిణతోం" అని మూడుసార్లు చెప్పారనుకోండి, మూడో "తోం" మీద పిల్ల బొమ్మలా నిలిచిపోతుంది. అది అర సెకను ఉంటుందేమో. ఆ అర సెకనులో షట్టర్ స్పీడ్ 1/125 (అంటే కెమెరా కన్ను సెకనులో 125వ వంతు సేపు తెరుచుకోవడం) ఉన్నా వేళ్ళు, కళ్ళు స్పష్టంగా వస్తాయి. అదే జతి మధ్యలో గెంతుతున్నప్పుడు తీయాలంటే 1/500 కావాలి. ఈ రెండిటికీ మధ్య వెలుతురు తేడా నాలుగు రెట్లు. ఆగే చోటు తెలిసినవాళ్ళకి స్టేజీ మీద లైట్లు నాలుగు రెట్లు పెరిగినట్టే. లెన్స్ మీద చాలా డబ్బు పెడితే గానీ ఇంత లాభం రాదు.

అయితే "తోం" విన్నాక నొక్కితే ఆలస్యమైపోతుంది. చెవి విని వేలు కదిలేసరికి సెకనులో ఐదో వంతు పోతుంది. నేను రెండో తదిగిణతోం దగ్గర ఊపిరి బిగబట్టి, మూడోది సగంలో ఉండగానే నొక్కడం మొదలుపెట్టి, వరసగా నాలుగైదు ఫ్రేములు తీస్తాను. వాటిలో ఒకటి కచ్చితంగా ఆ నిలకడ మీద పడుతుంది. ఇంట్లో రిహార్సల్ రికార్డింగ్ పెట్టుకుని, కెమెరా లేకుండా ఉత్త వేలితో బల్ల మీద కొట్టుకుంటూ సాధన చేశాను. వారం తిరిగేసరికి అలవాటైపోయింది.

అభినయం పద్ధతి వేరు. అక్కడ కాళ్ళు నెమ్మదిగా ఉంటాయి, కళ్ళే నాట్యం చేస్తాయి. గాయని ఒకే పాదాన్ని మూడు నాలుగు సార్లు పాడుతుంది కాబట్టి మొదటిసారి ఊరికే చూడండి, రెండోసారి తీయండి. సత్యభామ ప్రవేశం లాంటివైతే ముందే తెలిసి ఉండాలి. ఇద్దరు తెర పట్టుకుని నిలబడితే, దాని వెనకనుంచి భామ తన జడని తెర మీదుగా ఇవతలికి వేస్తుంది. అది తెలియకపోతే, ఇంకా పిల్ల రాలేదు కదా అని కెమెరా దించుకుని కూర్చుంటారు.

నోటుబుక్కులో ఒక్కో అంశానికి ఒక్కో పేజీ పెట్టాను. ఎక్కడ ఆగుతుంది, ఏ వైపు చూస్తుంది, స్టేజీ ముందుకి ఎప్పుడు వస్తుంది, కెమెరా నిలువుగా పట్టుకోవాలా అడ్డంగానా. హాల్లో ఆ పేజీలు చీకట్లో కనిపించవు. అయినా రాసుకున్నవి గుర్తుంటాయి.

ఎక్కడ కూర్చోవాలి

మొదటి వరుస వద్దు. విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రం, హైదరాబాద్ రవీంద్రభారతి, విశాఖ కళాభారతి, తిరుపతి మహతి, ఏ పెద్ద హాలు తీసుకున్నా స్టేజీ ఎత్తు మీద ఉంటుంది. ముందు వరుసలోంచి చూస్తే మైకు స్టాండ్లు అడ్డం వస్తాయి, పాదాలు తెగిపోతాయి, గడ్డం కిందనుంచి తీసినట్టు ముఖం వస్తుంది. తరంగంలో పళ్ళెమే కనిపించదు. పళ్ళెం లేని తరంగం ఫొటో ఏం చేసుకుంటాం? ఐదు నుంచి ఎనిమిదో వరుస మధ్యలో నేల కాస్త ఎత్తవుతుంది, స్టేజీ నేల కూడా కనిపిస్తుంది. నేను ఏడో వరుసలో నడవ పక్క కుర్చీ అడిగి పెట్టించుకున్నాను.

ఏ వైపు అన్నది కూడా ఆలోచించండి. మా పాప కార్యక్రమంలో వాద్యబృందం మనం చూసేటప్పుడు కుడి చేతి వైపు కూర్చుంది. నేనూ కుడి వైపే కూర్చున్నాను. అక్కణ్ణుంచి స్టేజీ మధ్యలో ఉన్న పిల్లని చూస్తే మన చూపు ఏటవాలుగా ఎడమ మూలకి పోతుంది. అక్కడ నల్లతెర, పూలదండ వేసిన నటరాజ విగ్రహం ఉన్నాయి. ఎడమ వైపు కూర్చుంటే పిల్ల తల వెనక మృదంగం, వయొలిన్ స్టాండు, మంచినీళ్ళ సీసాలు వస్తాయి. అందుకే వాద్యబృందం ఏ వైపు ఉంటే మీరూ ఆ వైపే కూర్చోండి.

ఇక దూరం లెక్క. ఇది పదో తరగతి సరూప త్రిభుజాల పాఠమే. ఫ్రేములో పట్టే ఎత్తు కావాలంటే దూరాన్ని సెన్సర్ (కెమెరా లోపల బొమ్మ పడే పలక) కొలతతో గుణించి, లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో (లెన్స్ మీద ఉండే ఎమ్ఎమ్ అంకెతో) భాగించాలి. నా కెమెరా నికాన్ డీ7200. దాని సెన్సర్ పొడవు 23.5 మిల్లీమీటర్లు. నా కుర్చీ నుంచి స్టేజీ మధ్యకి అడుగులు వేసి కొలిస్తే సుమారు 15 మీటర్లు వచ్చింది. కెమెరా నిలువుగా పట్టుకుంటే 85 ఎమ్ఎమ్ లెన్స్‌తో 4 మీటర్ల పైచిలుకు ఎత్తు పడుతుంది, 135 దగ్గర 2.6 మీటర్లు, 200 దగ్గర 1.76 మీటర్లు. మా పాప చెయ్యి పైకెత్తితే రెండు మీటర్లు ఉంటుంది. అంటే నిండు భంగిమకి 135 సరిగ్గా సరిపోతుంది, నడుము పైనుంచి అభినయానికి 200 కావాలి. ఈ లెక్క ఇంట్లోనే వేసుకోవడం వల్ల 300 ఎమ్ఎమ్ జూమ్ అవసరం లేదని తెలిసింది. 70-200 ఎఫ్/2.8 లెన్స్‌ని ఒక రోజుకి అద్దెకి తీసుకున్నాను, నా సొంత 85 ఎఫ్/1.8 సంచిలో పెట్టుకున్నాను. ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ లెన్స్ ఎక్కువ తెరుచుకుని ఎక్కువ వెలుతురు తీసుకుంటుంది.

నాట్యం ఫొటోలో చేతివేళ్ళు, పాదాలు తెగకూడదు. హస్తం తెగితే ఆ ముద్రకి అర్థమే పోతుంది. అందుకని బిగించి తీయకుండా చుట్టూ కాస్త ఖాళీ వదిలి తీయండి. తర్వాత కత్తిరించుకోవచ్చు.

లైటు, లెన్స్, ఫ్లాష్

వెనక్కి వెళ్ళేకొద్దీ ఫొటో చీకటిగా వస్తుందని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేదాన్ని. పిల్ల ముఖం మీద పడే లైటు మనం ఎక్కడ కూర్చున్నా అంతే. మొదటి వరుసలో ఏ సెట్టింగులు సరిపోతాయో ఏడో వరుసలోనూ అవే సరిపోతాయి. దూరం తెచ్చే ఇబ్బంది ఏమిటంటే, కెమెరాతో పాటు వచ్చే జూమ్ లెన్సులు చివరిదాకా జూమ్ చేస్తే ఎఫ్/5.6 కన్నా ఎక్కువ తెరుచుకోవు. ఎఫ్/2.8 దానికి నాలుగు రెట్లు వెలుతురు తీసుకుంటుంది, ఎఫ్/1.8 అయితే దాదాపు పది రెట్లు. మా హాల్లో తెల్ల లైట్ల కింద ఎఫ్/2.8, 1/250, ఐఎస్ఓ 3200 సరిపోయాయి (ఐఎస్ఓ అంటే వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి, అది పెరిగేకొద్దీ ఫొటోలో గరుకు పెరుగుతుంది). అదే 5.6 లెన్స్ అయితే ఐఎస్ఓ 12,800 దాకా పోవాల్సి వచ్చేది. అద్దె లెన్స్ దొరక్కపోతే 85 ఎఫ్/1.8 పెట్టి, తర్వాత కత్తిరించుకోవడమే మేలు. 24 మెగాపిక్సెల్ ఫొటోని సగానికి కత్తిరించినా మామూలు ఆల్బం సైజుకి చక్కగా వస్తుంది.

ఫ్లాష్ గురించి గురువుగారు మొదటి రోజే చెప్పారు: "అమ్మా, ఫ్లాష్ మాత్రం వద్దు. పళ్ళెం అంచు మీద ఉన్నప్పుడు కళ్ళు చెదిరితే పిల్ల కాలు జారుతుంది." ఆ ఒక్క కారణం చాలు. పైగా లాభమూ లేదు. కెమెరా మీద ఉండే చిన్న ఫ్లాష్ ఐఎస్ఓ 100, ఎఫ్/5.6 దగ్గర రెండు మీటర్ల దాకా పనిచేస్తుంది. 15 మీటర్ల అవతల ఉన్న పిల్లకి అది అందదు, మన ముందు వరుసలో కూర్చున్నవాళ్ళ తలలు మాత్రం తెల్లగా వెలిగిపోతాయి.

లెన్సులో ఉండే వణుకు తగ్గించే సదుపాయం మన చేతుల వణుకునే ఆపుతుంది, పిల్ల కదలికని ఆపలేదు. అది ఉంది కదా అని షట్టర్ స్పీడ్ 1/30కి దించకండి. నా చేతుల కోసం ఒక మోనోపాడ్ (ఒంటికాలు స్టాండు) వాడాను. కిలోన్నర బరువున్న లెన్స్‌ని రెండు గంటలు చేత్తో పట్టుకుంటే చివర తరంగం వచ్చేసరికి భుజం లాగేస్తుంది.

లైటింగ్ అబ్బాయితో మాట్లాడండి

ఇది ఎవరూ చేయరు, దీనివల్ల ఎంతో మేలు జరుగుతుంది. కార్యక్రమం రోజు పొద్దున్న స్టేజీ రిహార్సల్ పెట్టారు. లైట్ల బోర్డు దగ్గరున్న అబ్బాయికి టీ ఇప్పించి, రెండే రెండు అడిగాను. "బాబూ, అభినయం జరిగేటప్పుడు ఉత్త ఎరుపు, ఉత్త నీలం వెయ్యకు. ఏ రంగు వేసినా ముందునుంచి తెల్ల లైటు కొంచెం ముఖం మీద ఉంచు." అతను వెంటనే ఒప్పుకున్నాడు. "దానికేముంది మేడం, ముందే ఎవరైనా చెబితే మాకూ తేలిక" అన్నాడు.

ఎరుపు లైటు ఎందుకు వద్దన్నానంటే, ఎరుపు పట్టుబట్ట మీద ఎరుపు లైటు పడితే కెమెరాలో ఎరుపు ఒక్కటే పొంగిపోతుంది. జరీ, మడతలు, పెదవులు అన్నీ ఒకే ముద్దగా వస్తాయి. తర్వాత కంప్యూటర్లో ఎంత తంటాలు పడ్డా ఆ వివరాలు వెనక్కి రావు. అలాంటి ఫొటో ఏదైనా వచ్చేస్తే నలుపు-తెలుపులోకి మార్చి చూడండి, కొన్ని బాగుపడతాయి.

అదే రిహార్సల్లో ఇంకో పరీక్ష చేయాలి. ఇప్పుడు స్టేజీ మీద చాలావరకు ఎల్ఈడీ లైట్లే. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి కొన్ని లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు గానీ కెమెరాకి తెలుస్తుంది. ఒకే చోట పది ఫొటోలు వరసగా తీసి చూడండి. ఒకటి వెలుతురుగా, ఒకటి మసగ్గా ఉన్నా, అడ్డంగా చారలు కనిపించినా షట్టర్ స్పీడ్‌ని 1/100కి తెచ్చేయండి. అప్పుడిక నిలకడ భంగిమలే తీయాలి. శబ్దం రాకుండా ఉండే ఎలక్ట్రానిక్ షట్టర్ వాడితే ఈ చారలు మరీ ఎక్కువగా వస్తాయి, కాబట్టి దాన్ని ముందుగా పరీక్షించకుండా నమ్మకండి.

ముఖం తెల్లబడకుండా

పెద్దపాప ఫొటోలు పాడవడానికి అసలు కారణం ఇదే. వెనక నల్లతెర ఫ్రేములో ముప్పాతిక భాగం ఉంటుంది. అంతా చీకటి అనుకుని కెమెరా తనంతట తను వెలుతురు పెంచేస్తుంది, తెర బూడిదరంగులోకి వస్తుంది, పిల్ల ముఖం సున్నమైపోతుంది. అందుకని ఆటోలో వదిలేయకూడదు. నేను మాన్యువల్ మోడ్ పెట్టి, మొదటి ప్రార్థన అంశంలో రెండు ఫొటోలు తీసి, ముఖం దగ్గర పెద్దది చేసి చూశాను. నుదురు, ముక్కు మీద తెల్లమచ్చ లేకుండా చర్మం రంగు తెలుస్తూ ఉంటే చాలు. తెర ఎంత నల్లగా ఉన్నా పట్టించుకోనక్కర్లేదు. లైట్లు మారినప్పుడల్లా ఐఎస్ఓ ఒక్కటే మార్చాను. తెల్ల లైట్లకి 3200, నీలం కలిస్తే 5000, ఒక్క స్పాట్ లైటు ఉన్నప్పుడు 2000. మీ హాల్లో ఈ అంకెలు వేరుగా ఉంటాయి. పొద్దున్నే తీసి చూసి, మీవి మీరు రాసుకోండి.

మాన్యువల్ అంటే టెన్షన్‌గా ఉంటే, స్పాట్ మీటరింగ్ (ఒక్క చోటే వెలుతురు కొలిచే పద్ధతి) పెట్టి ముఖం మీద గురి పెట్టండి, లేదా ఎక్స్‌పోజర్‌ని ఒక స్టాప్ (అంటే వెలుతురుని సగానికి) తగ్గించుకోండి. రా ఫార్మాట్‌లో (కెమెరా దిద్దకుండా దాచే ముడి ఫైలుగా) తీస్తే రంగు తేడాలు తర్వాత సరిచేసుకోవచ్చు.

ఫోకస్‌కి ఒక్క పాయింటే, మధ్యది, కంటిన్యువస్ మోడ్‌లో (బొత్తం నొక్కి ఉంచినంతసేపూ ఫోకస్ పిల్ల వెంటే కదులుతుంది). చీకట్లో నున్నటి చెంప మీద ఫోకస్ తడుముకుంటుంది. నేను పాపిడి బిళ్ళ మీద పెట్టాను. రాళ్ళు మెరుస్తుంటాయి కాబట్టి కెమెరా టక్కున పట్టుకుంటుంది, కళ్ళూ దాదాపు అంతే దూరంలో ఉంటాయి. తరంగంలో పళ్ళెంతో పాటు పిల్ల మెల్లగా ముందుకి వస్తుంది కాబట్టి ఫోకస్ ఒకసారి పట్టి వదిలేయకూడదు, పట్టుకునే ఉండాలి.

లైట్లు ఆర్పే ముందు మీ కెమెరా వెనక స్క్రీన్ ఆపేయండి, బీప్ ఆపేయండి, ఫోకస్ కోసం ముందు వెలిగే చిన్న దీపం ఆపేయండి. వెనక వరుసలో పిల్ల తాతయ్య కూర్చుని ఉంటారు. ఆయన చూసేది స్టేజీ కావాలి.

ఫోను ఒక్కటే ఉంటే

దిగులు పడకండి, కానీ దగ్గరగా కూర్చోండి, మూడో వరుస, నడవ పక్క. ఫోనులో దూరపు లెన్స్‌కి సెన్సర్ సాధారణంగా చిన్నది, చీకట్లో తేలిపోతుంది. మెయిన్ కెమెరాతోనే తీయండి, మహా అయితే రెండింతలు జూమ్. నైట్ మోడ్ కదిలే పిల్లకి పనికిరాదు, అది సెకను పైగా వెలుతురు పోగుచేసుకుంటుంది. ముఖం మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్ లాక్ అవుతుంది, తర్వాత వేలిని కిందకి జరిపి వెలుతురు తగ్గించండి. ఈ ఒక్క పని చేసి ఉంటే పెద్దపాప ఫొటోలు కొన్నయినా దక్కేవి. ఇంకో మార్గం 4కె వీడియో తీసి, నిలకడ భంగిమ దగ్గర ఒక ఫ్రేమ్ తీసుకోవడం. అది 8 మెగాపిక్సెల్ ఉంటుంది, చిన్న ప్రింటుకి సరిపోతుంది.

స్టేజీ మీద కానివి

గజ్జెపూజ తప్పకుండా తీయండి. గురువుగారు గజ్జెలు చేతికిచ్చినప్పుడు పిల్ల కళ్ళకద్దుకునే క్షణం మళ్ళీ రాదు. అది సాధారణంగా మామూలు ట్యూబులైట్ల గదిలో, లేదా తెర వెనక జరుగుతుంది. 85 లెన్స్ అక్కడ చాలా బాగా పనిచేసింది.

 ఇంటర్వల్ తర్వాత తరంగం మొదలైంది. పాప పళ్ళెం ఎక్కినవి నా కుర్చీలోంచే పదిహేను ఫొటోలు తీశాక, 85 లెన్స్ మార్చుకుని, పక్క గోడ వెంబడి మొదటి వరుస ముందు దాకా వెళ్ళి, కెమెరాని ప్రేక్షకుల వైపు తిప్పాను. స్టేజీ మీది తెల్ల లైటు మొదటి వరుస ముఖాల మీద పడుతోంది. ఎఫ్/1.8, 1/60, ఐఎస్ఓ 6400. అక్క రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, పెదవులతో జతి చెప్పుకుంటోంది. బావగారు పళ్ళెం వైపు చూడలేక తల వంచుకున్నారు. పాప పళ్ళెం దిగాక ఆయన తల ఎత్తారు. మొత్తం కార్యక్రమంలో నేను స్టేజీ మీది నుంచి కెమెరా తిప్పింది ఆ రెండు నిమిషాలే.

ఇంటికొచ్చాక

ఆ రాత్రే కార్డుని రెండు చోట్ల కాపీ చేయండి, నిద్ర ముంచుకొచ్చినా సరే. 1,100 ఫొటోల్లోంచి నేను 60 ఉంచాను. ఎంచుకునేటప్పుడు నా మటుకు నేను ఎంచలేదు, పాప గురువుగారి దగ్గర కూర్చున్నాను. నాకు అందంగా కనిపించిన నాలుగైదిట్లో మోచెయ్యి పడిపోయిందనో, అరమండి (మోకాళ్ళు పక్కలకి వంచి సగం కూర్చునే భంగిమ) సరిగా లేదనో ఆయన పక్కన పెట్టించారు. నాట్యం నేర్చుకున్న పిల్లకి ఆ తప్పులే ముందు కనిపిస్తాయి, కాబట్టి ఇది చేసి తీరాలి.

చీకట్లో తీసిన ఫొటోల్లో కాస్త గరుకు ఉంటుంది. కంప్యూటర్లో అది పోగొడదామని మరీ నున్నగా చేస్తే ముఖం మైనపుబొమ్మలా అవుతుంది, కాటుక గీత చెరిగిపోతుంది. కొంచెం తగ్గించి వదిలేయండి. 12×18 అంగుళాల కరిజ్మా ఆల్బంలో (పుస్తకంలా అచ్చువేసే ఫొటో ఆల్బం) అచ్చయ్యాక ఐఎస్ఓ 3200 గరుకు నా కంటికి కనిపించలేదు.

ప్రింట్లు వేయించేటప్పుడు ఐదు ఎక్కువ వేయించాను. గురువుగారికి, పాడినావిడకి, మృదంగం, వయొలిన్, వేణువు వాయించినవాళ్ళకి ఒక్కొక్కటి. మృదంగం ఆయన ఫొటో చేతిలోకి తీసుకుని, "ముప్పై ఏళ్ళుగా రంగప్రవేశాలకి వాయిస్తున్నానమ్మా, నేను వాయిస్తుండగా తీసిన ఫొటో మా ఇంట్లో ఇదే మొదటిది" అన్నారు. అక్క ఆల్బంలో తరంగానికి రెండు పేజీలు వదిలాం. ఎడమ పేజీలో పళ్ళెం మీద పాప, కుడి పేజీలో జతి చెప్పుకుంటున్న అక్క.